బకావ్ చెట్ల కోపం

చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. నా ఉద్యోగమే వినడం, కాబట్టి నేనెంత లోకువో మీరే ఊహించుకోండి. ఇక్కడ మలేషియాలో డాక్యుమెంటరీ సినిమాలకు శబ్దం రికార్డు చేసే పనిలో చిన్న వయసులో పడ్డాను, పోయినేడాది రిటైరయ్యేదాకా అందులోనే ఉన్నాను. సినిమా బాగుంటే జనం కెమెరామన్‌ను పొగుడుతారు. బాగాలేకపోతే మాటలు సరిగ్గా వినపడలేదంటారు. ఈ పనిలోకి రాబోయే పిల్లలు ఈ సంగతి ముందే తెలుసుకుని వస్తే మంచిది, తర్వాత ఏడ్చే పని ఉండదు.

తాబేళ్ళు గుడ్లు పెట్టే సినిమా చేశాను. గబ్బిలాల గుహలో కూర్చుని, నెత్తిన పడేదంతా భరిస్తూ రికార్డు చేశాను. క్లాంగ్‌లో మా వాళ్ళ పిల్లలు ఎప్పుడైనా అడిగితే గబ్బిలాల కథే చెబుతాను, నవ్వుతారు కనుక. కానీ నా మనసులో ఉండిపోయింది మాత్రం పాడైపోయిందని పక్కన పడేసిన ఒక రికార్డింగు. దాని సంగతి ఇప్పుడు చెబుతాను.

బంటింగ్ దాటి సముద్రం వైపు వెళితే ఒకప్పుడు పెద్ద పామాయిల్ తోట ఉండేది. ఆ నేల సముద్రానికి సమానంగా ఉంటుంది. అందుకే తోట చుట్టూ పొడుగాటి మట్టి గట్టు, మధ్యమధ్య నీటి తలుపులు. పోటు వచ్చినప్పుడు తలుపు మూసేవారు, ఆటు అప్పుడు తెరిచి వాననీళ్ళు బయటికి వదిలేవారు. ఎస్టేటు మూతబడ్డాక రోడ్డు వైపు భూమి ఫ్యాక్టరీలకు పోయింది. సముద్రం వైపు ముక్కను ఎవరూ పట్టించుకోలేదు. గట్టు తెగింది, ఉప్పునీళ్ళు లోపలికొచ్చాయి, పామాయిల్ చెట్లు నిలబడ్డవి నిలబడ్డట్టే ఎండిపోయాయి. వాటి మధ్య మడచెట్లు వాటంతటవే మొలిచాయి. మేం వాటిని మలాయ్ మాటతో బకావ్ అంటాం. బకావ్ వెనకే పీతలు, పీతల వెనకే కొంగలు, చూస్తుండగా అడవైపోయింది.

సైబర్‌జయలో మా కంపెనీ దీని మీద సినిమా తలపెట్టింది. డైరెక్టరు మలాయ్ అమ్మాయి. నాకంటే బాగా చిన్నది, నన్ను కాక్ అని పిలిచేది, అంటే అక్క. మంచి మనసు, మహా మొండి. సగం సినిమా పక్షులు, మిగతా సగం మనుషులు అని ఆమె లెక్క. ఆ నేలను ఒకప్పుడు ఎరిగినవాళ్ళను తీసుకొచ్చి, మారిపోయిన చోటును చూసినప్పుడు వాళ్ళ ముఖాలు తీయాలి. జాలర్లను తీసింది, వాళ్ళు చేపలు పెరిగాయని సంబరపడ్డారు. మోటారుసైకిళ్ళ మీద వచ్చి ఫోటోలు దిగే ఫ్యాక్టరీ కుర్రాళ్ళను తీసింది. కావలసింది పాత ఎస్టేటు మనిషి. తెలుగు మనిషి దొరికాడు, భాష నాకు వచ్చు, కాబట్టి వెళ్ళి మాట్లాడే పని నా నెత్తిన పడింది.

ఆ తాత ఉద్యోగమంతా ఆ గట్టు మీదే. తెగినచోట మట్టి మోయడం, నీటి తలుపు చూసుకోవడం. అంతకుముందు వాళ్ళ నాన్నదీ అదే పని. ఇప్పుడు బంటింగ్‌లో కొడుకింట్లో ఉంటున్నాడు. ఆయన్ని చూపించింది మనవరాలే. ఆ అమ్మాయి యూనివర్సిటీలో అడవుల చదువు చదువుతోంది, తన ప్రాజెక్టు కూడా ఆ బకావ్ చెట్ల మీదే. మా డైరెక్టరును అక్కడ బురదలోనే కలిసిందట. మా తాత ఇక్కడే పనిచేసినాడు అని ఆ పిల్ల చెప్పకపోతే మాకు ఆయన ఉన్నట్టే తెలిసేది కాదు.

మొదటిసారి ఇంటికి వెళ్ళినప్పుడు మా నాన్న వేరే ఎస్టేటులో కిరాణీగా చేశాడని చెప్పాను. కిరాణీ అంటే మా దగ్గర ఎస్టేటు గుమాస్తా, కూలీల హాజరూ జీతమూ రాసేవాడు. ఆ మాట చెవిన పడగానే పెద్దాయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. నాకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. మావయ్యా కూర్చోండి, కూర్చోండి అని బతిమాలితే కూర్చున్నాడు. ఆ ఒక్క మాట వినపడటానికి కూడా వాళ్ళ కోడలు రెండుసార్లు అరవాల్సి వచ్చింది. ఆయనకు ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవి దగ్గర గట్టిగా చెబితే వినిపిస్తుంది. కొడుకు కొనిపెట్టిన మిషను ఫ్రిజ్ మీద డబ్బాలో భద్రంగా ఉంటుంది. అది పెట్టుకుంటే ఫ్యాను చప్పుడు లారీలా ఉంటుందట. ఇల్లంతా అరుచుకుంటూ మాట్లాడుకుంటారు, కొత్తవాళ్ళు చూస్తే ఆస్తి తగాదా అనుకుంటారు.

ఆయన రానన్నాడు మొదట. అక్కడ ఏటుందమ్మా సూడ్డానికి, అన్నాడు. మనవరాలు పక్కన కూర్చుని, ఇక్కడ మేమంతా మాట చివర తగిలించే లా కూడా తగిలించి, తాతా ప్లీజ్ లా అంటే, ఆ ఒక్క మాటకే ఒప్పుకున్నాడు. ఆదివారం పొద్దున రమ్మని చెప్పి వచ్చాను. ఇక్కడే నేను నా వాళ్ళ సంగతి మరిచిపోయాను. మన ఇళ్ళల్లో ఒకరిని పిలిస్తే ఒకరే వస్తారా? ఆదివారం గట్టు మొదట్లో ఒక వ్యానూ, దాని వెనక కార్లూ ఆగాయి. కొడుకు, కోడలు, ఆడపడుచులు, చంటిపిల్లలు, ఎస్టేటు కూలీల పాత లైను ఇళ్ళలో వాళ్ళ పక్కింట్లో ఉండి ఇప్పుడు చర్చిలో పెద్ద అయిన ఒకావిడ. చాపలు, టీ ఫ్లాస్కులు, పెద్ద డబ్బాలో పులిహోర. ఎస్టేటు గుడి ఉండిన చోట కొట్టడానికి కొబ్బరికాయ, కర్పూరం. చర్చి ఆవిడ ఆ కొబ్బరికాయ సంచీని తానే మోసుకొచ్చింది. డైరెక్టరు నా వైపు చూసింది. నేను ఆకాశం వైపు చూశాను. చైనీస్ కెమెరామన్ మాత్రం పులిహోర డబ్బా వైపు చూసి, ముందు భోజనంతో మొదలుపెడదామా అన్నాడు.

మిగిలిన గట్టు మీద అందరం నడిచాం. చివరకు వెళ్ళాక బకావ్ అడవి ఒక్కసారిగా కనబడుతుంది. కెమెరా తాత ముఖం మీద ఉంది, నా మైకు ఆయన నెత్తి మీద. ఇది చూస్తే మీకు ఎలా అనిపిస్తోంది అని డైరెక్టరు అడిగింది. నేను కుడి చెవి దగ్గర అరిచాను.

"బాగుందమ్మా," అన్నాడు. "శానా బాగుంది. పచ్చగా ఉంది."

కోడలిని అడిగితే బాగుంది. ఆడపడుచుని అడిగితే బాగుంది. చర్చి ఆవిడ దేవుని దయ, బాగుంది అంది. అందరూ పెళ్ళి ఫోటోకు నిలబడ్డట్టు వరసలో నిలబడి, కొంగులు సర్దుకుని మరీ చెప్పారు. మా వాళ్ళు వచ్చిన మనిషి ముందు ఇంటి కష్టం చెప్పరు. ఆ గట్టు ఆయనది, మేం దాని మీదికి వచ్చిన చుట్టాలం. చుట్టాల ముందు ఎవరైనా కన్నీళ్ళు పెట్టుకుంటారా? ఇది డైరెక్టరుకు చెబుదామంటే చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది, ఆమె ఆలోచనంతా మారిపోతున్న వెలుతురు మీద ఉంది.

చివరికి ఆమె ఒక ఉపాయం చేసింది. సినిమాలో వ్యాఖ్యానం కోసం తను రాసుకున్న వాక్యం చదివి, దీనికి మీరు ఒప్పుకుంటారా అని అడగమంది. మనిషి చేసిన గాయాన్ని సముద్రం మాన్పింది. ఇదీ వాక్యం. చదవడానికి బాగానే ఉంది. నేను దాన్ని తెలుగు చేసి ఆయన చెవిలో అరిచాను. నా అరుపు కుటుంబమంతా విన్నది. ఆయన చెట్ల వైపు కాసేపు చూసి, ఔనమ్మా, బాగుంది అన్నాడు. గొంతు కొంచెం మారింది. శబ్దాల మనిషిని కదా, నాకు తట్టింది ఒక్కటే. నోరు ఎండిపోయిందనుకుని, మంచినీళ్ళు ఇవ్వండి అన్నాను.

కెమెరా ఆపేశాక నా పని ఇంకొకటి మిగిలి ఉంటుంది. ప్రతి చోటుకూ దాని నిశ్శబ్దం దానికి ఉంటుంది. ఎవరూ మాట్లాడకుండా ఉంటే ఆ చోటు చేసే చప్పుడును కాసేపు రికార్డు చేసుకుంటాం. తర్వాత సినిమాను అతికేటప్పుడు అతుకులు కనబడకుండా అది కింద పరుస్తారు. అందరినీ కాసేపు నోరు మూసుకోమని దండం పెట్టి అడిగాను. పిలవకుండా వ్యానెక్కి వచ్చిన ఆ జనం ఎంత బుద్ధిగా ఉన్నారనుకున్నారు. చంటివాడి నోట్లో కూడా బిస్కెట్టు కుక్కారు. నీళ్ళు, గాలి, బురదలో పీతల టిక్కుటిక్కులు. బ్రహ్మాండంగా వస్తోంది. అంతలో నా హెడ్‌ఫోన్లలో మనిషి గొంతు. చూస్తే, తాత మాకు వీపు పెట్టి గట్టు అంచున కూర్చుని ఉన్నాడు. పక్కన ఎడమవైపు మనవరాలు. మాట్లాడొద్దన్న సంగతి ఆయనకు వినపడలేదు.

పిల్లలూ, ఒక సంగతి చెప్పాలి. మా పనిలో ఏళ్ళ తరబడి ఉంటే చెవి ఒక వింత అలవాటుకు పోతుంది. నిశ్శబ్దం రికార్డు చేసేటప్పుడు మనిషి గొంతు వస్తే అది మాటలా వినపడదు, అన్నంలో రాయిలా తగులుతుంది. ఏం మాట్లాడుతున్నాడన్నది బుర్రకెక్కదు. ఇది పాడైంది అనుకుని, దాన్ని చివరిదాకా నడవనిచ్చి, చెయ్యెత్తి, మొత్తం మళ్ళీ రికార్డు చేశాను. రెండోది శుభ్రంగా వచ్చింది. అందరూ చాపలు పరిచి పులిహోరకు కూర్చున్నారు. తాత తినలేదు. ఎండ తగిలిందని వ్యానులో పడుకున్నాడు. మనవరాలు డైరెక్టరును వెంటబెట్టుకుని తను కొలిచే చెట్లు చూపించడానికి బురదలోకి ఉత్సాహంగా దిగిపోయింది.

తర్వాతి వారం కోడలు ఫోన్ చేసింది. మావయ్య తనను సినిమాలో వెయ్యొద్దంటున్నాడు, ఒంట్లో బాగాలేదు అంది. ఒంట్లో బాగాలేకపోవడానికీ తీసేసిన సినిమాకూ సంబంధమేమిటని అడిగితే, అసలు సంగతి చెప్పింది. ఆయన ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడటం లేదు. హాస్టల్ నుంచి మనవరాలు ఫోన్ చేస్తే నిద్రొస్తోందని పక్కకు తిరిగిపోతున్నాడు. ప్రాణం పెట్టి పెంచిన పిల్ల అది. ఆ పిల్ల కూడా నాకు ఫోన్ చేసింది. సగం తమిళం, సగం ఇంగ్లీషు కలిపి, ఆంటీ మనం ఏమైనా తప్పు అడిగామా అని ఏడ్చింది. ఆ ఏడుపు విన్నాక నాకు ఆ రోజు అన్నం సయించలేదు.

డైరెక్టరుకు ఆయన లేకపోతే సినిమాలో కొంగలు తప్ప ఏమీ మిగలవు. కాక్, నువ్వే ఏదో ఒకటి చెయ్యి అంది. నాకు తెలిసిన పని వినడం ఒక్కటే. సైబర్‌జయ ఆఫీసులో కూర్చుని ఆ రోజు రికార్డు చేసినదంతా మొదటి నుంచి విన్నాను. బాగుంది, బాగుంది, బాగుంది. రామనామం కూడా అన్నిసార్లు ఎవరూ అని ఉండరు. చివరికి ఆ పాడైన రికార్డింగు తీశాను. ఈసారి చప్పుడు కోసం కాకుండా మాట కోసం విన్నాను.

"అమ్మీ," అంటున్నాడు తాత. "గట్టు మీద ఈ బకావ్ మొలకలు కనబడితే పీకీసేవోణ్ణి. మా నాయినా పీకినాడు. ఈటి ఏళ్ళు మట్టిలోకి దిగితే గట్టు పగిలిపోద్దని దొరలు సెప్పినారు. ఇప్పుడేమో గాయం సేసినామంటన్నారు. ఈ సెట్లకి నా మీద కోపం ఉంటాదంటావా?"

ఆ తర్వాత నీళ్ళ చప్పుడు. నేను వాల్యూము పెంచాను. అప్పుడు వినిపించింది, గుసగుసగా, మాటకూ మాటకూ మధ్య తడుముకుంటూ ఆ పిల్ల తెలుగు.

"లేదు తాతా. కోపం లేదు. నువ్ మోసినావు కదా, ఆ మట్టి. దాని మీదే మొలిసినాయి తాతా."

మళ్ళీ నీళ్ళు. పీతలు. చాలాసేపటికి ఒక ముసలి నిట్టూర్పు. అంతే.

మాట్లాడొద్దని నేనే కదా అందరికీ చెప్పింది. బుద్ధిగల పిల్ల, మాట విని గుసగుసగా చెప్పింది. అదీ ఎడమ చెవి వైపు. అరిస్తే గానీ వినపడని మనిషికి గుసగుస ఎక్కడ వినపడుతుంది? ఆయన అడిగాడు, ఎదురుచూశాడు, జవాబు రాలేదనుకున్నాడు. కోపం ఉందనే ఆ పిల్ల కూడా అనుకుంటోంది, పెద్దవాడి ముందు చెప్పలేక ఊరుకుంది అని ఆయన తీర్మానించుకున్నాడు. తను మా ముందు బాగుంది, బాగుంది అని మర్యాదకు ఎలా ఊరుకున్నాడో, పిల్లా అలాగే ఊరుకుందనుకున్నాడు. ఆ పిల్లేమో తాతకు వినపడిందనుకుంది. హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాను. నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు.

డైరెక్టరుకు మాట మాటా మలాయ్‌లో చెప్పాను. ఆమె మొదట తన వాక్యంలో అబద్ధం లేదని వాదించింది, మొండిదని ముందే చెప్పాను కదా. తర్వాత తనే కంప్యూటరు ముందుకు జరిగి ఆ గాయం వాక్యాన్ని చెరిపేసింది. వెంటనే ఇంకో సంబరం, ఈ మాటలను అప్పుడే సినిమాలో పెట్టేద్దామని. ఆయన వద్దన్నాడు, ఆయనను అడగకుండా వీల్లేదు అన్నాను. ఇద్దరం కాసేపు గట్టిగానే పోట్లాడుకున్నాం. చివరికి సరే లా, నువ్వే వెళ్ళు కాక్ అని టీ తెప్పించింది.

పిల్లకు ఫోన్ చేసి, అదే మాట తాతకు గట్టిగా చెప్పు తల్లీ అనొచ్చు. ఆ ఆలోచన రాకపోలేదు. కానీ ఇప్పుడు చెబితే, సినిమావాళ్ళు నేర్పి చెప్పించారని ఆయన అనుకుంటాడు. ఎవరూ నేర్పకుండా, ఎవరూ వినడం లేదనుకుని ఆ రోజు అన్న మాటే ఆయనకు చేరాలి. రికార్డరు సంచీలో వేసుకుని బంటింగ్ వెళ్ళాను.

ఆయన నన్ను చూడగానే మళ్ళీ లేచి నిలబడ్డాడు. కోపంగా ఉన్నా కిరాణీ కూతురికి ఇవ్వాల్సిన మర్యాద తగ్గించలేదు. సినిమా గురించి నేను ఒక్క మాట మాట్లాడలేదు. మావయ్యా, మీ మాట ఒకటి నా దగ్గర ఉండిపోయింది, ఇద్దామని వచ్చాను అని హెడ్‌ఫోన్లు ఆయనకు పెట్టాను. కోడలు ఫ్యాను కట్టేసింది. వాల్యూము ఆయనకు తగ్గట్టు పెంచి మీట నొక్కాను.

మొదట తన గొంతే విని చిరాకు పడ్డాడు. ఎవడీ ముసిలోడు అన్నాడు. నేనూ కోడలూ నవ్వాం. తర్వాత నీళ్ళ చప్పుడు వచ్చి ఉంటుంది, ఆయన కదలడం మానేశాడు. వినేవాళ్ళ ముఖం చూడటం నా పనిలో భాగం, ఎప్పుడు ఏ మాట వస్తుందో నాకు తెలుసు. ఆ మాట వచ్చే చోట ఆయన చెయ్యి పైకి లేచి హెడ్‌ఫోనును చెవికి అదిమి పట్టుకుంది. అయిపోయాక వేలు తిప్పి చూపించాడు, మళ్ళీ వెయ్యమని. మళ్ళీ వేశాను. మూడోసారి తనే మీట ఎక్కడుందో చూసుకుని నొక్కుకున్నాడు.

హెడ్‌ఫోన్లు ఉన్నవాళ్ళకు తామెంత గట్టిగా మాట్లాడుతున్నారో తెలియదు.

"ఆ మట్టి నాదే," అన్నాడు, వీధి చివరికి వినపడేలా. "ఔను. ఆ మట్టి నాదే."

కోడలు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను ఏడుస్తూనే ఉన్నాను, సిగ్గేమీ పడలేదు. సినిమాలో వేసుకోండమ్మా, ఆ పిల్ల మాటతో కలిపి వేసుకోండి అన్నాడు. అలాగే వేశాం. ఆ చోట ఎవరి ముఖమూ కనబడదు, చెట్లే ఉంటాయి, పైన ఆ రెండు గొంతులు. చూసినవాళ్ళు ఈ శబ్దం రికార్డు చేసింది ఎవరని అడిగారు. నా ఉద్యోగంలో ఎవరైనా ఆ మాట అడగడం అదే మొదలు, అదే ఆఖరు. కెమెరామన్ దానికి వారం రోజులు అలిగాడు.

అయితే ఆ మెప్పు కోసం ఈ కథ రాయలేదు. ఆ రోజు ఆయన హెడ్‌ఫోన్లు తీసి నా చేతిలో పెట్టి, పిల్లకు ఫోన్ కలపమని కోడలిని అడిగాడు. ఆమె కలిపి ఆయన కుడి చెవి దగ్గర పట్టుకుంది. పిల్ల గొంతు మాకందరికీ వినపడుతోంది. తాతా అంది, భయంగా.

"అమ్మీ," అన్నాడు. "ఆ పొద్దు గట్టు మీద నాకేటో సెప్పినావంట."

అటువైపు తలుపు మూసిన చప్పుడు వినిపించింది. తర్వాత నెమ్మదిగా, నీకు వినపడలేదా తాతా అని అడిగింది.

"ఇప్పుడు వినబడినాది," అన్నాడు. "అయినా ఇంకోపాలి సెప్పు."